జాతీయ ఉత్తమ పాఠశాల: రెండేళ్లు వాడి చూశాక

ముందే చెప్పేస్తాను, ఇది బడి మీద రివ్యూ కంటే ఆ బడి గేటు మీదున్న అవార్డు మీద రివ్యూ అనుకోండి. బడి పేరు రాయను. తిరుపతిలో వాళ్లకు మూడు బ్రాంచీలున్నాయి, నాకున్నది ఒక్క షాపు. పైగా వాళ్లు ఇప్పటికీ నా కస్టమర్లు.

అసలు కథ అక్కడే ఉంది. నాది ఫ్లెక్సీల షాపు. తిలక్ రోడ్డు వెనక సందులో ఒక మిషను, రెండు కంప్యూటర్లు, ఒక పనబ్బాయి. ఫ్లెక్సీలతో పాటు షీల్డులు, మొమెంటోలు, ఐడీ కార్డులు కూడా చేస్తాం. మే నెల వచ్చిందంటే ఒక పక్క గంగజాతర ఫ్లెక్సీలు, ఇంకో పక్క స్కూలు అడ్మిషన్ల ఫ్లెక్సీలు, రాత్రి రెండింటి దాకా మిషను ఆగదు. 2023 మేలో ఆ బడి వాళ్లు వచ్చి ఇరవై బై పది సైజులో నాలుగు ఫ్లెక్సీలు కావాలన్నారు. పైన 'జాతీయ ఉత్తమ పాఠశాల పురస్కార గ్రహీత', దానికి రెండు పక్కలా బంగారు రంగు ఆకుల దండ, మధ్యలో కరస్పాండెంటు గారు కోటు వేసుకుని ఢిల్లీలో ఏదో హోటల్ స్టేజీ మీద షీల్డు అందుకుంటున్న ఫోటో. ఫోటోలో ఆయన భుజం వెనక ఎవరో బిర్యానీ ప్లేటుతో నిలబడి ఉంటే ఆ మనిషిని తీసేసింది నేనే. వాళ్లు రాసిచ్చిన కాగితంలో 'పురష్కారం' అని ఉంటే సరిదిద్దిందీ నేనే. ఇంత చేసి, ఆ అర్ధరాత్రి ఆ బంగారు ఆకులకు మెరుపు పెడుతూ పెడుతూ, మన పాపను కూడా ఇక్కడే వేస్తే పోలా అనుకున్నాను చూడండి, దాన్ని ఏమనాలో మీరే చెప్పండి. మిఠాయి కొట్టువాడికి షుగరు రాదా ఏంటి.

పాప అప్పుడు నాలుగో తరగతికి రావాలి. అడ్మిషనుకు వెళ్లిన రోజు ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు, ఏసీ, మంచినీళ్లు, ఎదురుగా అద్దాల బీరువాలో వరసగా షీల్డులు. లెక్కపెడితే పదహారు. అందులో మూడు నా షాపులో చేసినవే, కింద చెక్క స్టాండు చూసి గుర్తుపట్టాను, వాళ్ల యానివర్సరీకి వాళ్లే చేయించుకున్నవి. అప్పుడైనా అనుమానం రావాలి కదా. రాలేదు. మిగతా పదమూడు నిజమైనవే అయ్యుంటాయిలే అనుకున్నాను. ఫీజు పాత బడికి దాదాపు రెండింతలు. మా ఆవిడ ఒక్క మాట అడిగింది: "ఈ అవార్డు ఎవరిచ్చారంట?" నేషనల్ అవార్డంట అన్నాను. ఎవరిచ్చారు అంటే నేషనల్ అని చెప్పానన్న సంగతి నాకు ఏడాదిన్నర తర్వాత గానీ తట్టలేదు.

బడి మొత్తం చెడ్డది అనను. లెక్కల మేడమ్ బంగారం. పాపకు ఎక్కాలంటే ఉన్న భయం మూడు నెలల్లో పోయింది. బస్సు అన్నమయ్య సర్కిల్ దగ్గరికి ఏడూ యాభైకి అంటే ఏడూ యాభైకే వస్తుంది, రెండేళ్లలో లేటయింది నాకు గుర్తున్నంత వరకు నాలుగుసార్లు, అందులో రెండు బ్రహ్మోత్సవాల ట్రాఫిక్. చేతిరాత బాగుపడింది. యానివర్సరీ డే మాత్రం మూడున్నర గంటలు, అందులో సన్మానాలే గంటన్నర, శాలువాలు ఎంత మందికి కప్పారంటే చివరికి కప్పినవాళ్లకే తిరిగి కప్పారు.

సమస్య నీళ్ల బాటిల్ దగ్గర మొదలైంది. పాపది ముప్పావు లీటరు నీలం బాటిల్. పొద్దున నిండుగా వెళ్తుంది, సాయంత్రం నిండుగా వస్తుంది. మొదట్లో మర్చిపోయింది అనుకున్నాం. తర్వాత మా ఆవిడ తిట్టడం మొదలుపెట్టింది. అప్పుడు బాటిల్ ఖాళీగా రావడం మొదలైంది, కానీ ఇంటి ముందున్న గన్నేరు చెట్టు మొదట్లో రోజూ సాయంత్రం తడిగా ఉంటోంది. బస్సు దిగి, గేటు తీసి, నీళ్లు చెట్టుకు పోసి, బూట్లు కూడా విప్పకుండా బాత్రూముకు పరుగు. అక్టోబరులో మంటా, జ్వరమూ. డాక్టరమ్మ పాపను కాదు, నన్ను చూసి అడిగింది: "స్కూల్లో బాత్రూముకు పోదు కదా ఈ పిల్ల?" ఆమె దగ్గరికి వారానికి ఇలాంటి పిల్లలు ఎంత మంది వస్తారో ఏమో, టెస్టు రాయకముందే అడిగేసింది.

ఇంటికొచ్చాక మెల్లగా అడిగితే చెప్పింది. "గొళ్లెం లేదు నాన్నా. ఒకరు తలుపు పట్టుకుంటే ఒకరు పోవాల. నాకు తలుపు పట్టుకునే అమ్మాయి రాని రోజు నేను పోను." మధ్యాహ్నం తర్వాత నీళ్లు కూడా రావంట. అందుకే నీళ్లు తాగడం మానేసింది. తొమ్మిదేళ్ల పిల్ల తనకు తానే కనిపెట్టుకున్న ఉపాయం అది.

నేను వెళ్లాను. విజిటర్స్ బాత్రూము చూపించారు, తెల్ల టైల్స్, అద్దం, లిక్విడ్ సోపు, బయట ఒక మనీ ప్లాంటు. ఆడపిల్లల బ్లాకు చూస్తానంటే పేరెంట్స్‌కు పర్మిషన్ లేదన్నారు, మగవాణ్ని కాబట్టి ఆ మాట సరైనదే, మరి మా ఆవిడను పంపిస్తానంటే ఆమెకూ లేదన్నారు. వారానికి గొళ్లెం పెట్టారు. నెలకు ఊడిపోయింది. మళ్లీ చెప్పాను, మళ్లీ పెట్టారు. రెండేళ్లలో ఆ గొళ్లెం గురించి నేను పెట్టిన మెసేజీలకు వచ్చిన జవాబులన్నీ 'నోటెడ్ సార్' అనే.

ఇప్పుడు మా అక్క సంగతి. అక్క పాకాల వైపు ఒక పల్లెలో జెడ్పీ హైస్కూల్లో సైన్సు టీచరు. అప్పటికి ఏడాది ముందు వాళ్ల బడికి స్వచ్ఛ విద్యాలయ పురస్కారంలో జిల్లా స్థాయి సర్టిఫికెట్టు వచ్చింది. ఫోను చేసి సంతోషంగా చెబితే నేను పగలబడి నవ్వాను. "బాత్రూములకు అవార్డేందక్కా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పాపకు బాగాలేదని తెలిసి ఆ ఆదివారం ఇంటికొచ్చింది, అంతా విని, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఏమిరా, ఇప్పుడు నవ్వు" అంది.

దసరా సెలవులయ్యాక ఒక రోజు వాళ్ల బడికి వెళ్లాను, ఎలాగూ వాళ్లకు పేర్ల బోర్డు చేసివ్వాలి. బడి గొప్పగా ఏమీ లేదు. కాంపౌండు గోడకు రంగు అక్కడక్కడా పొట్టు లేచింది. కానీ భోజనాల టైముకు పిల్లలు వరసగా కొళాయిల దగ్గర నిలబడ్డారు. పొడుగ్గా ఒక సిమెంటు తొట్టి, దాని మీద పది కొళాయిలు, చిన్నపిల్లలకు అందేలా ఒక పక్క కొళాయిలు కిందికి. సబ్బులు పాత మేజోళ్లలో వేసి కొళాయిలకు కట్టి వేలాడదీశారు, జారిపోకుండా, ఎవరూ జేబులో వేసుకుపోకుండా. ఆడపిల్లల టాయిలెట్లు విడిగా, పర్మిషన్ అడిగి అక్క తీసుకెళ్లి ఖాళీగా ఉన్నప్పుడు బయటనుంచి చూపించింది. ప్రతి తలుపుకూ లోపల గొళ్లెం, అదీ రెండు: ఒకటి మామూలు ఎత్తులో, ఒకటి కింద ఆరో తరగతి పిల్లకు అందేలా. తలుపు వెనక చున్నీ తగిలించుకోడానికి మేకు. నేను ఆ మేకును చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డాను. మా పాప బడిలో ఢిల్లీ నుంచి వచ్చిన షీల్డుంది, మేకు లేదు.

"ఇన్‌స్పెక్షన్ రోజు కొత్త సబ్బులు పెట్టామా అంటే పెట్టాం," అంది అక్క, "నీకెందుకు అబద్ధం చెప్పాల. కానీ గొళ్లేలు ఒక్క రోజు కోసం ఎవరూ బిగించరు కదా." అది నిజం. ఫోటో కోసం సబ్బు పెట్టొచ్చు, నీళ్ల ట్యాంకు పెట్టలేరు.

ఆ పురస్కారం పని చేసే తీరు అక్క చెబితే గానీ నాకు తెలియలేదు. 2014 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద ప్రతి బడిలో ఆడపిల్లలకు విడిగా టాయిలెట్ ఉండాలి, ఏడాదిలో కట్టాలి అన్నారు. ఏడాదిలో 2.61 లక్షల బడుల్లో 4.17 లక్షల టాయిలెట్లు కట్టారని కేంద్రం లెక్క. కట్టడం ఒక ఎత్తు, వాడకంలో ఉంచడం ఇంకో ఎత్తు. అందుకే 2016లో ఈ పురస్కారం మొదలుపెట్టారు. నీళ్లు, టాయిలెట్లు, సబ్బుతో చేతులు కడగడం, నిర్వహణ, పిల్లల అలవాట్లు మారడం, ఈ ఐదు అంశాల్లో మార్కులు. 2021-22లో కోవిడ్ జాగ్రత్తలని ఆరోది కలిపారు. బడి తనంతట తానే ఆన్‌లైన్లో ప్రశ్నలకు జవాబులిచ్చి ఫోటోలు ఎక్కించాలి, దాన్ని బట్టి స్టార్లు, తొంభై శాతం దాటితే ఐదు స్టార్లు. తర్వాత జిల్లా నుంచి మనుషులు వచ్చి రాసింది నిజమా కాదా అని చూస్తారు. జిల్లా దాటితే రాష్ట్రం, రాష్ట్రం దాటితే ఢిల్లీ. ఆ 2021-22లో దేశం మొత్తం మీద 8.23 లక్షల బడులు దరఖాస్తు పూర్తి చేస్తే చివరికి జాతీయ పురస్కారం 39 బడులకు వచ్చింది. ముప్పై తొమ్మిది! మన ఊళ్లో ఒక్క ఎయిర్ బైపాస్ రోడ్డు మీద నేను చేసిన 'జాతీయ అవార్డు' ఫ్లెక్సీలే ఇంతకంటే ఎక్కువ ఉంటాయేమో. 2025-26 నుంచి దీన్నే స్వచ్ఛ ఏవం హరిత్ విద్యాలయ రేటింగ్ అని మార్చి, పర్యావరణం అలవాట్లను కూడా కలిపారు. పేరు మాత్రం నోరు తిరగనిదే దొరికింది.

మన రాష్ట్రంలో 2019లో మొదలైన నాడు-నేడు అనే, ప్రభుత్వ బడులను బాగుచేసే పథకం తొలి విడతలో 15,715 బడులు తీసుకున్నప్పుడు కూడా పనుల జాబితాలో మొదట రాసింది నీళ్లున్న టాయిలెట్లనే. ఇక్కడ పార్టీల గొడవ మొదలుపెట్టకండి దయచేసి, నేను గొళ్లెం గురించి మాట్లాడుతున్నాను.

అయితే ఈ స్వచ్ఛ విద్యాలయ అవార్డుకూ ఐదుకు ఐదు ఇవ్వను. అక్కే చెప్పింది, "మా తొమ్మిదో తరగతిలో సగం మందికి భిన్నాలు రావు, దానికి స్టార్లు ఎవరూ అడగరు." కొలిచింది కొలిచింది, అంతే. టాయిలెట్లు కొలిచిన అవార్డు టాయిలెట్ల గురించే చెబుతుంది. కానీ చెప్పింది నిజం చెబుతుంది. నాలుగు స్టార్లు.

ఇప్పుడు మన ఢిల్లీ షీల్డు దగ్గరికి వద్దాం. ఆ బడి పేరుతో వచ్చిన అవార్డు మెయిలు ప్రింటవుటు ఒకసారి నా షాపుకే వచ్చింది, దానిమీదున్న లోగోను కట్ చేసి ఫ్లెక్సీలో వేయాలని పంపారు. చదవకూడదు, చదివాను. 'మీ సంస్థ ఎంపికైంది, అభినందనలు', ఆ కింద నామినేషను ఫీజు, దానికి జీఎస్టీ అదనం, స్టేజీ మీద ఫోటోకు ఒక ప్యాకేజీ, పుస్తకంలో ఒక పేజీ వేయాలంటే ఇంకో ప్యాకేజీ, ఒక అతిథికి డిన్నరు ఉచితం. బిర్యానీ ప్లేటాయన ఎవరో అప్పుడర్థమైంది. ఆ రెండు పేజీల్లో 'మా మనిషి వచ్చి మీ బడి చూస్తాడు' అన్న వాక్యం ఒక్కటీ లేదు. బడికి ఎవరూ రాకుండా బడికి అవార్డొచ్చింది. తిరుపతి వాళ్లకు చెప్పాలంటే సులువు: సర్వదర్శనం క్యూ ఒకటుంటుంది, నిలబడాలి, కంపార్ట్‌మెంట్లలో కూర్చోవాలి, ఎప్పుడు వదులుతారో తెలియదు. టికెట్ క్యూ ఒకటుంటుంది. కాకపోతే కొండ మీద ఏ క్యూలో వెళ్లినా లోపల కనిపించేది ఆ స్వామే. ఈ అవార్డుల్లో టికెట్ క్యూ చివర హోటల్ హాలు మాత్రమే ఉంది. ఒక స్టారు, అదీ షీల్డు ఫినిషింగు బాగుందని, వృత్తి గౌరవం.

ఈ గొడవలో పడ్డాక ఫ్లెక్సీ ఆర్డరు వచ్చినప్పుడల్లా అవార్డు ఏంటో వెతకడం నాకో పిచ్చి అయిపోయింది. నాకు తెలిసినంతలో చెబుతాను, కొందరికైనా పనికొస్తుంది. 'జాతీయ ఉపాధ్యాయ పురస్కారం' అని కనిపిస్తే అది నిజంగా పెద్దది, 1958 నుంచి ఉంది, సెప్టెంబరు 5న రాష్ట్రపతి చేతుల మీదుగా ఇస్తారు, వెండి పతకం, సర్టిఫికెట్టు, యాభై వేల రూపాయలు. 2018 నుంచి టీచర్లే ఆన్‌లైన్లో అప్లై చేసుకోవచ్చు, జిల్లా కమిటీ, రాష్ట్ర కమిటీ, ఢిల్లీలో జ్యూరీ, మూడు గడపలు దాటాలి. ప్రైవేటు ట్యూషన్లు చెప్పుకునేవాళ్లకు అసలు అర్హతే లేదు, ఆ రూలు చూసి నాకు భలే నచ్చింది. కానీ అది మనిషికిచ్చేది, గోడలకిచ్చేది కాదు. ఆ సారు బదిలీ అయినా రిటైరైనా అవార్డు ఆయనతోనే పోతుంది, బడి ఫ్లెక్సీ మీద మాత్రం పదేళ్లు ఉంటుంది.

పీఎం శ్రీ అని బోర్డుంటే అది ప్రభుత్వ బడులకే. ప్రైవేటు బడి ఆ పేరు వేసుకుంటే అక్కడే దండం పెట్టి వచ్చేయండి. దీన్ని అవార్డు అనడం కూడా సరికాదు. 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న పథకం ఇది, ఐదేళ్లలో 14,500కు పైగా బడులు, 27,360 కోట్ల ఖర్చు. ఎంపిక చేసే పద్ధతి మాత్రం నాకు నచ్చింది. ముందు యూడైస్ అనే, దేశంలోని బడుల వివరాలన్నీ ఉండే కేంద్రం లెక్కల్లోంచి కనీస వసతులున్న బడులను ఏరతారు, పక్కా బిల్డింగు, ర్యాంపు, మగపిల్లలకూ ఆడపిల్లలకూ టాయిలెట్లు లాంటివి. ఆ జాబితాలో ఉన్న బడులు పోటీకి అప్లై చేసుకోవాలి, పట్నం బడికి 70 శాతం, పల్లె బడికి 60 శాతం మార్కులు దాటాలి, రాసింది నిజమేనా అని వచ్చి చూస్తారు, ఒక మండలానికి రెండు బడులకు మించి ఇవ్వరు. షీల్డు చేతిలో పెట్టి పంపించెయ్యకుండా, ముందు ఎంపిక చేసి తర్వాత డబ్బిచ్చి ఇప్పుడు బాగుచెయ్యి అంటారు. నేను దీనికి నాలుగు ఇస్తాను, ఒకటి ఎందుకు తగ్గించానంటే కనీస వసతులు కూడా లేని బడి ఆ మొదటి జల్లెడలోనే రాలిపోతుంది, సాయం ఎక్కువ కావాల్సింది దానికే కదా.

నాక్ గ్రేడు, ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు అనేవి కాలేజీలకూ యూనివర్సిటీలకూ ఇచ్చేవి. ఒక బడి వాళ్లు ఎన్ఐఆర్ఎఫ్ లోగో వేయమని అడిగారు ఒకసారి. సార్ ఇది కాలేజీలకు కదా అంటే, "చూడ్డానికి బాగుంటాది లేప్పా" అన్నారు.

మా చిన్నాన్న కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. ఫోనులో ఈ సోది అంతా చెబితే, "మా పిల్లలది బ్లూ రిబ్బన్ స్కూలు అన్నా" అన్నాడు గర్వంగా. ఆ ఏరియాలో ఇంటి అద్దె కూడా ఆ స్కూలు వల్లే ఎక్కువంట. సరే అని అదేంటో చూశాను. 1982లో అమెరికా విద్యాశాఖ మొదలుపెట్టింది. బడి తనకు తాను చేతులెత్తడానికి లేదు, రాష్ట్రం విద్యాధికారి పేరు పంపాలి, ప్రైవేటు బడుల పేర్లు పంపడానికి వేరే మండలి ఉంది, ఆ తర్వాతే బడి పెద్ద దరఖాస్తు నింపుతుంది. రెండు దారుల్లో రావచ్చు: పరీక్షల్లో రాష్ట్రంలో ముందు వరసలో ఉండటం ఒకటి, పేద పిల్లలకూ వెనకబడ్డ పిల్లలకూ మిగతా వాళ్లకూ మధ్య తేడాను తగ్గించడం రెండోది. ఈ రెండోది చదివి నేను కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను. మన దగ్గర ఫ్లెక్సీల మీద పదికి పది వచ్చిన పిల్లల ఫోటోలే ఉంటాయి, ముప్పై ఐదు నుంచి అరవైకి వచ్చిన పిల్ల ఫోటో నా ఇన్నేళ్ల వ్యాపారంలో ఒక్కటీ ప్రింటు చేయలేదు. ఇంకోటి, ఒకసారి వచ్చిందంటే ఐదేళ్ల దాకా మళ్లీ తీసుకోడానికి లేదు. 2024లో దేశం మొత్తం మీద 356 బడులకు వచ్చింది. బడికి ఒక ఫలకం, ఒక జెండా. 2025లో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్నే ఆపేసింది, కావాలంటే రాష్ట్రాలే ఇచ్చుకోమంది. మా తమ్ముడికి ఆ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మరి మా అద్దె తగ్గుతుందా అన్నా" అన్నాడు.

అది చూశాక ఒక లోపం మాత్రం నాకు స్పష్టంగా కనిపించింది, అక్కడా ఇక్కడా. ఏ అవార్డైనా ఒక ఏడాది బడిని చూసి ఇస్తారు. అప్పటి హెడ్మాస్టరు, అప్పటి టీచర్లు, అప్పటి ఆయా. అక్క వాళ్ల బడిలో ఆయా ఆర్నెల్లు జబ్బుపడితే ఏమవుతుందో అక్కకే భయం. సర్టిఫికెట్టు మాత్రం అలాగే గోడ మీద ఉంటుంది. పెరుగు ప్యాకెట్టు మీద కూడా తేదీ ఉంటుంది, ఫ్లెక్సీ మీద అవార్డు వచ్చిన సంవత్సరం వేయమని నా దగ్గర అడిగిన బడి ఇప్పటిదాకా ఒక్కటే.

బడి కోసం చూసేవాళ్లకు ఒక్కటి మాత్రం చెబుతాను, నేను ఆలస్యంగా తెలుసుకున్నది. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, మన ఆంధ్రావి 28తో మొదలవుతాయి. ఆ యూడైస్ వాళ్ల సైటులోనే నో యువర్ స్కూల్ అని ఒక పేజీ ఉంది, అందులో వెతికితే బడి వివరాలు, టీచర్లెంత మంది, టాయిలెట్లెన్ని అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. బడి వాళ్లే నింపిన లెక్కలే అనుకోండి, అందులో కూడా గొళ్లెం గురించి కాలమ్ లేదు. మా పాప బడి గురించి వెతికితే ఆడపిల్లల టాయిలెట్ల సంఖ్య చక్కగా ఉంది. నేను ఆ అంకెను చాలాసేపు చూశాను. తలుపు పట్టుకునే అమ్మాయి రాని రోజు ఆ అంకె సున్నా.

ఐదో తరగతి అయ్యాక, 2025 జూన్‌లో పాపను మార్చేశాం. గవర్నమెంటు బడిలో వేశావా అని అక్క అడిగింది, మీరూ అడుగుతారు. వేయలేదు. మాకు దగ్గరున్న హైస్కూల్లో మా ఆవిడ చూసొచ్చి టాయిలెట్లు బాగానే ఉన్నాయి కానీ ఆరో తరగతి గదిలో పిల్లలు కిక్కిరిసి ఉన్నారంది, నాకూ అంత ధైర్యం చాల్లేదు, ఇంత రాసి ఆ సంగతి దాచడం బాగుండదు. కొర్లగుంట వైపు ఒక పాత చిన్న బడి. బీరువా లేదు, షీల్డుల్లేవు. అడ్మిషను రోజు మా ఆవిడ ముందు ఆడపిల్లల బాత్రూము చూస్తానంది. హెచ్‌ఎం మేడమ్ ఆశ్చర్యపోయి, "చూడమ్మా, ఈ పొద్దు ఇంకా కడగలేదు గానీ" అని తనే తీసుకెళ్లింది. కడగలేదన్న మాట నిజమే. గొళ్లేలున్నాయి. లెక్కల టీచరు మాత్రం పాత మేడమ్ అంత బాగా చెప్పడంట, పాపకు ఇప్పుడు ఆల్జీబ్రా అంటే టెన్షన్. బాటిల్ సగం తాగి తెస్తోంది, ఒక్కోరోజు ఖాళీ. గన్నేరు చెట్టుకు ఇప్పుడు నేనే నీళ్లు పోస్తున్నాను.

పాత బడికి రెండున్నర. ఒకటి లెక్కల మేడమ్‌కు, ఒకటి బస్సు డ్రైవరన్నకు, అర ఆ ఏసీ గదిలో ఇచ్చిన మంచినీళ్లకు.

మొన్న వాళ్ల మనిషి మళ్లీ వచ్చాడు. ఈ ఏడాది ఇంకో అవార్డు, ఈసారి 'జాతీయ' తీసేసి 'అంతర్జాతీయ' అని వేయమన్నాడు, సైజు ముప్పై బై పది. ఎవరిచ్చారన్నా అని అడిగాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అది అడుగున చిన్నగా వెయ్యిలేప్పా, కనపడకపోయినా ఫర్వాలేదు."

చదరపు అడుగు లెక్కన అడ్వాన్సు తీసుకుని, అడుగున చిన్నగా వేశాను.